భూపటలానికి నమూనా కట్టిన కథ

ఊళ్లో బావులు త్రవ్వేవారిని అడిగితే నేల సంగతి కొంత తెలుస్తుంది. పైన నల్లరేగడి, దాని క్రింద సుద్ద, ఆ క్రింద మొరం, ఆ తరువాత బండ. ఏ పొర ఎంత మందం ఉన్నదో వారు తడుముకోకుండా చెబుతారు. పక్క చేలో మరొక బావి త్రవ్వితే అవే పొరలు కాస్త పైకో క్రిందికో జరిగి కనబడతాయి. పది బావుల సంగతి తెలిసినవాడు పదకొండవ బావి త్రవ్వకముందే బండ ఎంత లోతున తగులుతుందో అంచనా వేయగలడు. అతని మనస్సులో ఆ ఊరి నేలకు పొడవు, వెడల్పు, లోతు మూడూ గల ఒక బొమ్మ ఏర్పడి ఉన్నదన్నమాట.

భూగర్భ శాస్త్రజ్ఞులు చేసే పని కూడా ఇటువంటిదే. అయితే వారికి కావలసిన బొమ్మ ఒక ఊరిది కాదు, ఒక ప్రాంతమంతటిది. దాని లోతు పది బారలు కాదు, 30, 40 కిలోమీటర్లు. భూమికి పైపెచ్చువలె ఉన్న గట్టి రాతిపొరను భూపటలం అంటారు. ఖండాల క్రింద దాని మందం సాధారణంగా అంత ఉంటుంది. ఇంతవరకు మనుష్యుడు వేసిన అతి లోతైన బోరు పన్నెండు కిలోమీటర్లు దాటి కొద్దిగా పోయినది, అంతే. తక్కినదంతా ఎవరూ చూడనిది, చూడలేనిది. చూడలేని దానికి నమూనా కట్టడం ఎట్లా సాధ్యమైనది? ఆ కథ దాదాపు రెండు వందల సంవత్సరాలది. అందులో గెలుపులు ఎన్ని ఉన్నవో, తప్పుడు నమూనాలు కూడా అన్ని ఉన్నవి. ఆ తప్పులు బయటపడిన తీరే ఈ శాస్త్రాన్ని ముందుకు నడిపినది.

కొయ్యతో కట్టిన నేల

మొదటి నమూనాలు నిజంగా కొయ్యతో చేసినవే. ఇంగ్లండులో డీన్ అడవి అనే బొగ్గుగనుల ప్రాంతం ఉన్నది. అక్కడ గని త్రవ్వుకొనే హక్కు స్థానికులకు తరతరాలుగా వస్తున్నది. ఆ హక్కుల తగాదాలు తీర్చడానికి 1838లో చట్టం చేసి, దానిక్రింద కొందరిని కమిషనర్లుగా నియమించారు. వారిలో ఒకడు థామస్ సాప్‌విత్. అతడు సర్వేయరు; వడ్రంగంలో పేరుపొందిన కుటుంబంలో పుట్టినవాడు.

భూమిపైన హద్దురాళ్లు పాతడం సులభమే. కాని బొగ్గుపొర నేలక్రింద వాలుగా దిగుతుంది, ఒకచోట వంగుతుంది, మరొకచోట బీట తీసి పది గజాలు క్రిందికి జారుతుంది. అక్కడ ఎవరి హద్దు ఎక్కడ ముగిసినదో కాగితంమీది పటం చూసి చెప్పడం కష్టం. సాప్‌విత్ ఆ ప్రాంతానికి కొయ్యతో నమూనా చేశాడు. పై భాగం ఎత్తితే క్రింది పొర, దాన్ని ఎత్తితే ఆ క్రింది పొర కనబడేవి. భూగర్భ శాస్త్రజ్ఞుడైన విలియం బక్లండు అతన్ని ప్రోత్సహించాడు. 1841లో సాప్‌విత్ పన్నెండు చిన్న నమూనాల జట్టును, వాటి వివరణ పుస్తకంతోపాటు వెలువరించాడు. వేరు వేరు రంగుల కొయ్యపలకలను అంటించి చేసిన ఆ దిమ్మలలో పొరలు ఎట్లా వంగుతవో, లోయ కోసినచోట ఏ ఆకారంలో బయటపడతవో, బీట తీసినచోట ఎట్లా తెగుతవో విద్యార్థులు చేతపట్టుకొని చూడగలిగారు.

ఆ నమూనాకు ఆధారం గనులు. మనుష్యులు దిగి కొలిచిన లోతువరకే దానికి బలం. గనులు లేనిచోట, గనులకంటె లోతున, ఏమి చేయాలి? ఆ ప్రశ్నకు మొదటి జవాబు మరెక్కడో కాదు, భారతదేశంలోనే, అదీ తలవని తలంపుగా దొరికినది.

తూకంగుండు ఇచ్చిన సాక్ష్యం

1802లో విలియం లాంబ్టన్ మద్రాసులో ఆరంభించిన మహా త్రికోణమితి సర్వే దేశాన్నంతా త్రిభుజాలుగా కొలుచుకొంటూ ఉత్తరానికి సాగినది. లాంబ్టన్ 1823లో చనిపోయిన తరువాత జార్జి ఎవరెస్ట్ ఆ పనిని హిమాలయాల పాదందాకా తీసుకొనిపోయాడు. మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్, ఉత్తరాన గంగా మైదానంలోని కల్యాణా అనే రెండు కేంద్రాల మధ్య దూరం సుమారు 600 కిలోమీటర్లు. ఆ రెండింటి అక్షాంశాల తేడాను రెండు విధాల కనుగొన్నారు. నేలమీద త్రిభుజాలు కొలిచి లెక్కకడితే 5 డిగ్రీల 23 నిమిషాల 42 సెకన్లు వచ్చినది. నక్షత్రాలను చూసి లెక్కకడితే 5 డిగ్రీల 23 నిమిషాల 37 సెకన్లే వచ్చినది. కచ్చితంగా చెప్పాలంటే తేడా 5.236 సెకన్లు. నేలమీద అది దాదాపు 160 మీటర్లకు సమానం.

ఆరు వందల కిలోమీటర్లలో 160 మీటర్లు ఒక లెక్కా అనిపించవచ్చును. కాని ఎవరెస్ట్ కొలతలలో అంత పొరపాటుకు తావులేదు. ఆయన దాన్ని సర్వే పొరపాటుగానే భావించి దారి పొడుగునా సర్దివేశాడు. కారణం మరొకటి అయి ఉండవచ్చునని కలకత్తాలో ఆర్చిడీకనుగా ఉన్న జాన్ హెన్రీ ప్రాట్ అనే గణితజ్ఞుడు వాదించాడు.

తాపీమేస్త్రీ గోడ నిటారుగా ఉన్నదా లేదా అని తూకంగుండు వేలాడదీసి చూస్తాడు. నక్షత్రాల ఎత్తు కొలిచేవారికి కూడా నడినెత్తి దిక్కు ఏదో చెప్పేది అటువంటి సాధనమే. పక్కనే బ్రహ్మాండమైన పర్వతం ఉంటే దాని ఆకర్షణవల్ల ఆ గుండు పర్వతంవైపు రవంత ఒరుగుతుంది. గుండు ఒరిగితే నడినెత్తి దిక్కు తప్పుతుంది, అక్షాంశమూ తప్పుతుంది. ప్రాట్ హిమాలయాల రాతి రాశిని అంచనాకట్టి, అది రెండుచోట్లా గుండును ఎంత లాగవలెనో గుణించి చూశాడు. ఆ తేడా 15.885 సెకన్లు రావలెనని 1855లో ప్రకటించాడు.

సమస్య తీరకపోగా పెద్దదైనది. ఉన్న తేడా 5 సెకన్లు. ఉండవలసినది దాదాపు 16. హిమాలయాలు తమ రాశికి తగినంతగా గుండును లాగడం లేదు. పైన కనబడే ఆ పర్వతం క్రింద, కనబడకుండా, ఏదో కొరత ఉన్నదన్నమాట.

ఒక ప్రశ్న, రెండు జవాబులు

కొద్ది వారాలలోనే ఇంగ్లండు రాజ జ్యోతిష్కుడు జార్జి ఎయిరీ ఒక జవాబు చెప్పాడు. నీళ్లలో తేలే దుంగలను చూడండి. నీటిపైకి ఎక్కువగా లేచిన దుంగ నీటిలోపలికి కూడా ఎక్కువగానే దిగి ఉంటుంది. అట్లాగే పర్వతాల క్రింద తేలికపాటి భూపటలం లోతుగా దిగి, బరువైన లోపలి పదార్థాన్ని తొలగించి ఉంటుంది. పర్వతానికి వేరు ఉన్నది. ఆ వేరు తేలిక. అందువల్లనే లాగుడు తగ్గినది.

ప్రాట్ దీనికి ఒప్పుకోలేదు. 1859లో ఆయన మరొక జవాబు చెప్పాడు. దాన్ని వంటింటి పోలికతో చెప్పవచ్చును. ఒకే పెనంమీద ఒకే తూకంగల రెండు రొట్టెలు వేస్తే, బాగా పులిసిన పిండి ఎత్తుగా పొంగుతుంది, పులియనిది అణగి ఉంటుంది. అడుగు మాత్రం రెండింటికీ సమమే. పర్వతాల క్రిందిరాయి సాంద్రత తక్కువ కనుక అది పొంగి పైకి లేచినది. భూపటలం అడుగు మాత్రం అంతటా ఒకే లోతున ఉన్నదని ఆయన వాదం.

ఆ మీద కొలతలు పెరిగినవి. జేమ్స్ బాసెవి అనే సర్వే అధికారి 1865నుంచి లోలకాలను మోసుకొని దక్షిణాది తీరంనుంచి లడక్ దాకా తిరిగి, ఆయాచోట్ల గురుత్వాకర్షణ బలమెంతో కొలిచాడు. ఎత్తైన ఆ చలిప్రదేశంలోనే 1871 జూలైలో ఆయన ప్రాణాలు విడిచాడు. పర్వతాలలో ఆకర్షణ అనుకొన్నదానికంటె తక్కువేనని ఆ కొలతలు కూడా చూపినవి. క్రింద కొరత ఉన్నమాట స్థిరపడినది. కాని ఎయిరీ మాట నిజమా, ప్రాట్ మాట నిజమా అన్నది తేలలేదు.

తేలకపోవడానికి కారణం ఉన్నది. మూతికట్టిన గోనెబస్తాను కాటాకు వేస్తే బరువు తెలుస్తుంది. అందులో ఏ సరుకు ఎక్కడ ఉన్నదో తెలియదు. గురుత్వాకర్షణ కొలతలు చెప్పేది కూడా అంతే. ఒకే కొలతకు లోపల అనేక అమరికలు సరిపోతవి. ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికి బరువుకు సంబంధంలేని మరొక సాక్షి కావలసి వచ్చినది. ఆ సాక్షి కోసం మరి యాభై సంవత్సరాలు ఆగవలసి వచ్చినది.

భూకంపం తెచ్చిన వార్త

1909 అక్టోబరు 8న క్రొయేషియాలో, జాగ్రెబ్ నగరానికి దక్షిణాన, ఒక భూకంపం వచ్చినది. ఆ నగరపు వాతావరణ పరిశోధనాలయానికి అధిపతి ఆండ్రియా మొహొరొవిచిచ్. ఆయన తన యంత్రం గీసిన రేఖలతో తృప్తిపడక, యూరపులోని అనేక కేంద్రాలకు వ్రాసి వారి రికార్డులన్నీ తెప్పించుకొన్నాడు. వాటిని దూరం వరుసలో పెట్టి చూస్తే ఒక వింత కనబడినది. భూకంపానికి దగ్గరగా ఉన్న కేంద్రాలకు మొదటి అల ఒకటే వచ్చినది. కొన్ని వందల కిలోమీటర్ల అవతలి కేంద్రాలకు అటువంటి అలలే రెండు, ఒకదాని వెనుక ఒకటి, వచ్చినవి.

బయలుదేరిన తావు ఒకటే, కాలమూ ఒకటే. చేరినవి రెండు వేళల. అంటే దారులు రెండు. పొలాల గట్లమీద అడ్డంగా నడిచి పోయేవాడు దగ్గర ఊరికి ముందు చేరతాడు. దూరపు ఊరికి పోవలసి వస్తే, రెండు మైళ్లు పక్కకు నడిచి రోడ్డెక్కి బస్సు పట్టుకొన్నవాడే ముందు చేరతాడు. అట్లాగే ఒక అల భూపటలంలోనే సాగినది. మరొకటి లోతుకు దిగి, అక్కడి బరువైన, గట్టి పదార్థంలో వేగం పుంజుకొని, తిరిగి పైకి వచ్చినది. ఆ వేగపు మార్గం ఆరంభమయ్యే లోతు 54 కిలోమీటర్లని మొహొరొవిచిచ్ లెక్కకట్టి 1910లో ప్రకటించాడు. భూపటలం ముగిసి, ప్రావారం అనే లోపలిపొర ఆరంభమయ్యే ఆ సరిహద్దును నేడు ఆయన పేరిటనే మోహో అంటున్నారు.

కాలక్రమాన ఆ సరిహద్దును ప్రపంచమంతటా కొలిచారు. సముద్రాల క్రింద భూపటలం సుమారు 7 కిలోమీటర్లే. మన దక్షిణాపథం వంటి పాతనేలల క్రింద 35, 40. టిబెట్టు క్రింద సుమారు 70. పర్వతానికి వేరు ఉన్నదన్న ఎయిరీ మాట హిమాలయాలలో నెగ్గినది. అయితే నడిసముద్రపు గట్లు ఎత్తుగా లేవడానికి వాటి క్రింద వేడెక్కి తేలికైన రాయి కారణమని తేలినప్పుడు ప్రాట్ మాటకూ చోటు దొరికినది. రెండు నమూనాలలో ఏది ఎక్కడ చెల్లుతుందో బరువు ఒక్కటే చెప్పలేకపోయినది; అలల సాక్ష్యం తోడయినప్పుడే తేలినది.

కావలినుంచి ఉడిపిదాకా

భూకంపం ఎప్పుడు వస్తుందో, ఎక్కడ వస్తుందో చెప్పలేము. అందుచేత శాస్త్రజ్ఞులు తామే చిన్న కంపాలు పుట్టించే పద్ధతి అవలంబించారు. బోర్లలో మందుగుండు పెట్టి పేల్చుతారు. దారి పొడుగునా జియోఫోన్లనే సాధనాలను వరుసగా పాతి, లోపలినుంచి తిరిగివచ్చిన అలల రాకవేళలను సెకనులో స్వల్పభాగం తప్పకుండా నమోదు చేస్తారు.

1961లో హైదరాబాదులో స్థాపించిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1972-75 మధ్య, సోవియట్ శాస్త్రజ్ఞుల సహకారంతో, ఈ పద్ధతిని భారతదేశంలో మొదటిసారి ప్రయోగించినది. ఎన్నుకొన్న దారి నెల్లూరు జిల్లాలోని కావలినుంచి కర్ణాటకలోని ఉడిపిదాకా. బంగాళాఖాతపు తీరంనుంచి అరేబియా సముద్రపు తీరానికి దాదాపు 600 కిలోమీటర్ల గీత అది. నెల్లూరు మైకా ప్రాంతపు శిలలు, కడప నాపరాళ్ల నేల, అనంతపురం మెట్టభూములు, ఆ పైన మైసూరు పీఠభూమి అన్నీ ఆ గీతమీద వస్తవి. డాక్టర్ కె. ఎల్. కైలా, ఆయన సహచరులు 1979లో ఆ ఫలితాలను ప్రకటించారు.

వాటివల్ల తెలిసినదేమిటి? ఆ దారిలో మోహో 34నుంచి 41 కిలోమీటర్ల లోతున ఉన్నది. భూపటలం ఒకే పలక కాదు. లోతైన బీటలు దాన్ని దిమ్మలుగా విడగొట్టినవి. కడప కొండల నేల ఒక పెద్ద పళ్లెం వంటిది. పడమర అంచున పలుచగా ఉండి, తూర్పున అందులో పేరుకొన్న పొరల మందం సుమారు 10 కిలోమీటర్లకు చేరుతుంది. ఆ తూర్పు అంచున పాతశిలలు తూర్పునుంచి నెట్టుకొని వచ్చి కొత్తపొరలపై ఎక్కి కూర్చున్నవి. ఇంటి గచ్చుకు పరిచే కడప బండకు వెనుక ఇంత చరిత్ర ఉన్నదని అంతవరకు పైపటం చూసి ఊహించడమే గాని లోతుకొలత తెలియదు.

కాని గీత గీతే. గుమ్మడికాయను ఒకసారి కోస్తే ఆ కోతలో ఉన్నది కనబడుతుంది; కోతకు అటూ ఇటూ ఉన్నది కనబడదు. పైగా పక్కనున్న బీటనుంచి తిరిగివచ్చిన అల కూడా సరిగ్గా గీత క్రిందనుంచే వచ్చినట్లు రికార్డులో కనబడవచ్చును. ఈ చిక్కులు ఉన్నవి కనుకనే కావలి-ఉడిపి రికార్డులను తరువాతివారు కొత్త లెక్కపద్ధతులతో మళ్లీ పరిశీలించారు.

కోలా బోరు నేర్పిన పాఠం

ఇంతలో మరొక పెద్ద నమూనా పరీక్షకు నిలిచినది. 1925లో విక్టర్ కాన్రాడ్ అనే ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు భూపటలం నడుమ కూడా అలల వేగం మారుతున్నదని చూపాడు. ఆ మీద పైసగం గ్రానైటు, క్రిందిసగం బసాల్టు అనే రెండంతస్తుల బొమ్మ పాఠ్యపుస్తకాలలో పాతుకొన్నది. అలల వేగాలు దానికి సరిపోయినవి. బొమ్మ చూడడానికి పొందికగా కూడా ఉన్నది.

1970లో సోవియట్ యూనియన్ వారు ఉత్తరాన కోలా ద్వీపకల్పంలో బోరు వేయడం ఆరంభించారు. 1989 నాటికి అది 12,262 మీటర్లు దిగినది. అలల లెక్కప్రకారం అక్కడ సుమారు 7 కిలోమీటర్ల లోతున బసాల్టు తగలవలెను. ఆ లోతు వచ్చినది, బసాల్టు రాలేదు. బోరు అడుగుదాకా గ్రానైటు జాతికి చేరిన పాత నైస్ శిలలే వచ్చినవి. అలల వేగం మారిన మాట నిజమే. కాని అది రాయి జాతి మారడంవల్ల కాదు; వేడిమి, ఒత్తిడులకు రాయి రూపాంతరం చెందడంవల్ల, పగుళ్లలో నీరు నిండి ఉండడంవల్ల. పన్నెండు కిలోమీటర్ల దగ్గర వేడి 100 డిగ్రీలు ఉంటుందనుకొంటే 180 ఉన్నది.

కొలత తప్పలేదు, కొలతకు చెప్పిన అర్థం తప్పినది. అల తన వేగం చెబుతుందిగాని రాయి పేరు చెప్పదు. జర్మనీలో 1990-94లో 9,101 మీటర్లు దిగిన మరొక బోరు కూడా ముందుగా గీసిన కోతపటాన్ని చాలావరకు మార్చివేసినది. భూపటలం రెండంతస్తుల మేడ వంటిది కాదు, అనేకసార్లు విరిగి అతుక్కొన్న పాతగోడ వంటిదని ఈ అనుభవాలు నేర్పినవి.

కోతలనుంచి ఘనరూపానికి

అటువంటి గోడను ఒక గీతమీద చూపలేము; మూడు దిక్కులా చూపవలెను. అందుకు రెండు సాధనాలు కలిసి వచ్చినవి. ఒకటి కంప్యూటరు. రెండవది ఆసుపత్రిలో రోగి తలకు తీసే స్కాను వంటి లెక్క. స్కానులో ఎక్స్‌రేలు అనేక దిక్కులనుంచి శరీరం గుండా పోతవి. అన్నిటినీ కలిపి లోపలి బొమ్మ కడతారు. జపానులో పుట్టి అమెరికాలో పనిచేసిన కెయిటి అకి 1976లో విలియం లీతో కలిసి, ఎక్స్‌రేలకు బదులు చిన్న భూకంపాల అలలతో ఇదే పని కాలిఫోర్నియాలో చేసి చూపాడు. నేలను గడులుగా విభజించి, ఏ అల ఏ గడులగుండా పోయినదో, ఎక్కడ ఆలస్యమైనదో చూసి, ఒక్కొక్క గడిలో అలల వేగమెంతో సాధించవచ్చును.

మరొకవైపు ఫ్రాన్సులోని నాన్సీ నగరంలో జాన్-లోరాన్ మాలే 1989లో ఆరంభించిన పని పొరల, బీటల వంకర తలాలను కంప్యూటరులో నిర్మించే మార్గం చూపినది. నాడు సాప్‌విత్ కొయ్యపలకలతో చేసినదాన్ని ఇక్కడ అంకెలతో చేస్తారు. నమూనా కట్టే క్రమం స్థూలంగా ఇట్లా ఉంటుంది. మొదట పైనేల పటం, బోర్లలో తగిలిన పొరల లోతులు గుర్తిస్తారు. తరువాత బీటల తలాలు అమరుస్తారు. ఆ పైన పొరలు పరుస్తారు. కొత్తపొర పాతపొరపై ఉండవలెను, పొరను పొర కోయరాదు, బీట తనకంటె పాతవాటినే కోయగలదు అనే నియమాలు కంప్యూటరుకు కూడా తప్పవు. చివరకు ప్రతి భాగానికీ సాంద్రత, అలల వేగం నిర్ణయిస్తారు.

ఆ మీదిదే ముఖ్యమైన మెట్టు. నమూనా నిజమైతే పైన గురుత్వాకర్షణ ఎంత ఉండవలెనో, భూకంపపు అలలు ఎప్పుడు చేరవలెనో లెక్కకట్టి, కొలిచిన అంకెలతో సరిచూస్తారు. బరువుకు సరిపోయి అలలకు సరిపోకపోతే నమూనా మార్చవలసినదే. ప్రాట్, ఎయిరీల కాలంలో వేరు వేరుగా నిలిచిన సాక్షులను ఈ విధంగా ఒకే బోనులో నిలబెట్టి అడుగుతారు. అన్నిటికీ సరిపోయే నమూనాలు కూడా ఒకటికంటె ఎక్కువే ఉండవచ్చును. కనుక నేడు ఒకే నమూనా కాక, కొద్ది తేడాలతో అనేకం కట్టి, అన్నిటిలో ఒకేవిధంగా వచ్చిన భాగాన్ని నమ్మదగినదిగాను, ఒక్కొక్క దానిలో ఒక్కొక్క విధంగా వచ్చిన భాగాన్ని సందేహాస్పదంగాను గుర్తించే ఆచారం వచ్చినది.

2013లో వెలువడిన ఒక ప్రపంచ నమూనా భూమినంతా 64,800 గడులుగా విభజించి, ప్రతి గడిలో భూపటలపు పొరల మందం చెప్పినది. అయితే భూమధ్యరేఖ దగ్గర అందులో ఒక్కొక్క గడి వైశాల్యం 110 కిలోమీటర్ల చదరం. ఖండాల మందం తెలుసుకోవడానికి అది చాలును. ఒక నగరం క్రింద ఏమున్నదో తెలియడానికి చాలదు. ప్రాంతీయ నమూనాల అవసరం అక్కడే ఉన్నది.

ఇళ్ల క్రింది నేల

1906 ఏప్రిల్ 18నాటి భూకంపంలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరం ధ్వంసమైన సంగతి లోకవిదితం. అదేనాడు, బీటకు సుమారు 30 కిలోమీటర్ల దూరాన ఉన్న శాంతా రోసా అనే చిన్నపట్టణం కూడా ఘోరంగా కూలినది. అంతకంటె దగ్గరి ఊళ్లు కొన్ని అంతగా దెబ్బతినలేదు. నూరేళ్లు నిండిన 2006 నాటికి అమెరికా భూగర్భ సర్వేవారు ఆ ప్రాంతానికి 45 కిలోమీటర్ల లోతుదాకా ఘనరూప నమూనా కట్టారు. అందులో 1906నాటి కంపాన్ని కంప్యూటరుతో మళ్లీ పుట్టిస్తే, శాంతా రోసా దగ్గర నేల తీవ్రంగా ఊగినది. ఆ పట్టణం మెత్తని అవక్షేపాలు నిండిన లోయ అంచున ఉన్నది. గిన్నెలో నీళ్లు అంచుకు కొట్టుకొన్నట్లు అలలు అటువంటిచోట పెరుగుతవి. ఇల్లు కట్టేవాడికి బీట ఎంత దూరాన ఉన్నదన్నది ఎంత ముఖ్యమో, తన పునాది క్రింద ఏమున్నదన్నది కూడా అంత ముఖ్యమే.

మన దేశంలో ఈ పాఠం మరింత కఠినంగా నేర్చుకోవలసి వచ్చినది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలో లాతూరు జిల్లా కిల్లారి దగ్గర 6.2 తీవ్రతతో భూకంపం వచ్చి, మట్టితో పేర్చిన రాతిగోడల క్రింద దాదాపు పదివేలమంది నిద్రలోనే చనిపోయారు. ఆ నేల స్థిరమైనదని అంతవరకు నమ్మకం. పైన ఏ బీటా కనబడదు. కనబడకపోవడానికి కారణం, ఆరున్నర కోట్ల సంవత్సరాల క్రితం పరచుకొన్న లావా దుప్పటివలె అంతా కప్పివేయడమే. భూకంపం తరువాత అక్కడ బోరు వేస్తే లావా 338 మీటర్లు, దాని క్రింద పలుచని అవక్షేపం, ఆ క్రింద పాతశిల తగిలినవి. ఆ పాతశిలలోని బీటలకు పటం ముందుగా లేదు.

అదే లావా నేలలో పడమటివైపు కోయనా ఉన్నది. అక్కడ ఆనకట్ట కట్టి నీళ్లు నింపిన కొన్నాళ్లకు, 1967 డిసెంబరు 10న, 6.3 తీవ్రతగల భూకంపం వచ్చినది. నేటికీ అక్కడ చిన్న కంపాలు ఆగలేదు. అందుచేత విమానంనుంచి గురుత్వాకర్షణ, అయస్కాంత కొలతలు తీసి, నేలలో విద్యుత్తు ప్రవహించే తీరు పరిశీలించి, లావా క్రింది పాతశిల ఎత్తుపల్లాలను బొమ్మకట్టారు. వేరు వేరుచోట్ల వేసిన బోర్లలో లావా మందం సుమారు 400 మీటర్లనుంచి 1,250 మీటర్లవరకు ఉన్నట్లు తేలినది. 2016-17లో మూడు కిలోమీటర్ల బోరు వేస్తే పాతశిల 1,247 మీటర్ల దగ్గర తగిలినది. కిల్లారిలో లావా క్రింద అవక్షేపం ఉన్నది, కోయనాలో లేదు. పైన చూస్తే రెండూ ఒకే నల్లరాతి నేల. ఒకచోటి నమూనాను మరొకచోటికి ఎత్తిపెట్టుకోరాదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

నేలక్రింద ఉన్నదానిమీదనే ఆనకట్టలు, రైలుసొరంగాలు, నగరాలు లేస్తున్నవి. బొగ్గు, ఖనిజాలు, భూగర్భజలం కోసం మునుపటికంటె లోతుకు పోవలసి వస్తున్నది. కంప్యూటరు తెరమీద రంగు రంగుల దిమ్మలుగా తిరిగే నమూనాలను చూస్తే, లోపలికి తొంగిచూసినట్లే ఉంటుంది. గ్రానైటు, బసాల్టుల రెండంతస్తుల బొమ్మ కూడా ఒకనాడు అట్లాగే నమ్మకం కలిగించినది. అందుచేతనే ప్రతి నమూనాతోపాటు దాని ఆధారాలేమిటో, ఎంత లోతువరకు బోరు చూసినదో, ఎక్కడినుంచి ఊహ ఆరంభమైనదో వ్రాసి ఉంచడం అవసరం. పదకొండవ బావిలో బండ ఎక్కడ తగులుతుందో చెప్పిన పెద్దమనిషి కూడా గడ్డపార దిగి చూసేదాకా అది అంచనాయే అని ఎరుగును. బండ వేరొక లోతున తగిలితే, పన్నెండవ బావికి ఆయన తన లెక్క దిద్దుకొంటాడు.